వాటా కాగితంలో ఆమె పేరు

(భద్రాచలంలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది కోసం జరిగిన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున మీరు అటవీ హక్కుల గురించి, 1/70 గురించి మాట్లాడుకున్నారు. భోజనాలయ్యాక నాకిచ్చిన అంశం భాగస్వామ్య వ్యాపారాలు, పన్నులు. కొందరి ముఖాల్లో నిరుత్సాహం కనిపిస్తూనే ఉంది. "పన్ను కట్టేంత సంపాదన మనవాళ్లకెక్కడిది?" అని ఇందాక టీ దగ్గర ఒక మిత్రురాలు అడిగింది కూడా. న్యాయమైన ప్రశ్నే. అయితే పన్ను చట్టం మన దగ్గరికి రావడానికి మనకు సంపాదన ఉండక్కర్లేదు. మన పేరు ఒక కాగితం మీద ఉంటే చాలు.

నేను ఆడిటర్ని కాను, లాయర్ని కాను. సమాజశాస్త్రం చదువుకున్నాను. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, అశ్వారావుపేట ప్రాంతాల్లో స్త్రీల శ్రమ గురించి సమాచారం సేకరిస్తూ తిరిగేటప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక ట్రంకు పెట్టో, సంచో ఉండేది. రేషన్ కార్డు, పట్టా కాగితం, బ్యాంకు పుస్తకం అన్నీ అందులోనే. ఒకచోట ఆ సంచిలోంచి పన్ను శాఖ నోటీసు వచ్చింది. ఆ ఇంటామె కోయ స్త్రీ. తునికాకు సీజన్లో ఆకు కోస్తుంది, మిగతా రోజుల్లో మిర్చి తోటల కూలికి పోతుంది. ఆ నోటీసు ప్రకారం ఆమె ఒక వ్యాపార సంస్థలో నలభై శాతం వాటాదారు. "లోన్ ఇప్పిస్తానని నిశానీ తీసుకుండు అక్కా" అంది. ఎవరంటే, ఊళ్లో దుకాణం నడిపే గిరిజనేతరుడు. ఆ సంస్థ ఏం అమ్ముతుందో ఆమెకు తెలియదు. అప్పు రాలేదు, లాభం రాలేదు, నోటీసు మాత్రం చిరునామా వెతుక్కుంటూ వచ్చింది.

ఇటువంటివి ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పడానికి నా దగ్గర అంకెలు లేవు. కానీ ఏజెన్సీలో పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గిరిజనులకే ఇవ్వాల్సిన లైసెన్సు, గిరిజనులకే దక్కాల్సిన లీజు, గిరిజన సంఘానికే రావాల్సిన ఇసుక ర్యాంపు - వీటి వెనక పెట్టుబడి ఎవరిదో, లారీలు ఎవరివో ఊళ్లో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. పేరు కోసం ఒక మనిషి కావాలి. చదువు రాని ఆడది అయితే మరీ అనుకూలం.

భాగస్వామ్యం అంటే చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1932 భారత భాగస్వామ్య చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందరూ కలిసి గాని, అందరి తరఫున కొందరు గాని నడిపే వ్యాపారంలో లాభాలు పంచుకుందామని చేసుకున్న ఒడంబడికే భాగస్వామ్యం. కంపెనీకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. కంపెనీ మునిగితే వాటాదారు తను పెట్టిన డబ్బు పోగొట్టుకుంటుంది, అంతే. భాగస్వామ్య సంస్థ మునిగితే అప్పులవాడు భాగస్వామి ఇంటికి రావచ్చు, ఆమె సొంత ఆస్తి మీద పడవచ్చు. నా వాటా పది పైసలే కదా అంటే కుదరదు. మొత్తం బాకీకి ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులే. పన్ను బాకీకి కూడా అంతే. ఆదాయపు పన్ను చట్టం ఫర్మ్ బకాయికి ఆ సంవత్సరం భాగస్వాములుగా ఉన్న ప్రతివారినీ, చనిపోయినవాళ్ల వారసులనూ కలిపి బాధ్యులను చేసింది. జి.ఎస్.టి. చట్టంలోనూ ఇదే మాట ఉంది.

బాధ్యత ఇంత గట్టిగా రాసిన ఆ 1932 చట్టం శ్రమ విషయానికి వచ్చేసరికి ఏమందో వినండి. వేరే ఒప్పందం లేకపోతే వ్యాపారంలో పనిచేసినందుకు భాగస్వామికి ప్రతిఫలం అడిగే హక్కు లేదు. పెట్టుబడి పెట్టినాయన ఇంట్లో కూర్చున్నా, చింతపండు గింజ తీసి, ఎండబెట్టి, తూకం వేసి, సంతకు మోసినామె రోజంతా చేసినా, రాసుకోకపోతే ఆ పనికి చట్టం దృష్టిలో విలువ సున్నా. ఇంటిపనికి విలువ లేదని మనం ఎన్నాళ్లుగానో మాట్లాడుతున్నాం. ఇది ఇంటిపని కూడా కాదు, వ్యాపారం.

అయితే అదే చట్టంలో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. వేరే ఒప్పందం లేకపోతే లాభాలు అందరికీ సమానం. లెక్కల పుస్తకాలు చూసే హక్కు, వాటికి నకలు రాసుకునే హక్కు ప్రతి భాగస్వామికీ ఉంది. ఇందాక చెప్పిన స్త్రీతో నేను మొదట అన్నది ఇదే. ఆమెను భాగస్వామి అని వాళ్లే రాశారు కదా. అయితే వెళ్లి పుస్తకం అడగాలి. అడుగుదాం అన్నాక ఎంత తొందరగా రాజీ మాటలు మొదలయ్యాయో మీరు ఊహించుకోవచ్చు.

ఇప్పుడు పన్ను. 1993కు ముందు పద్ధతి వేరు. రిజిస్టరయిన ఫర్మ్ కొద్దిపాటి పన్ను కట్టేది, లాభంలో వాటాకు భాగస్వాములు విడివిడిగా కట్టేవారు. 1992 ఆర్థిక చట్టం దీన్ని మార్చేసింది. అప్పటినుంచి ఫర్మ్ ఒక విడి మనిషి లెక్క. పన్నంతా అదే కడుతుంది, మిగిలిన లాభం పంచుకుంటే భాగస్వాముల చేతిలో మళ్లీ పన్ను లేదు. వినడానికి బాగుంది. కానీ ఫర్మ్ మీద పన్ను 30 శాతం, దానిపైన 4 శాతం సెస్సు. మొదటి రూపాయి నుంచే. మనిషికి ఉన్నట్టు ఇంతవరకు మినహాయింపు అనేది ఫర్మ్‌కు లేదు. పెద్ద కాంట్రాక్టరు ఫర్మ్‌కీ అయిదుగురు స్త్రీలు పెట్టుకున్న ఫర్మ్‌కీ ఒకే 30 శాతం.

దీనికి చట్టం ఒక దారి ఉంచింది. పనిచేసే భాగస్వాములకు, అంటే వర్కింగ్ పార్టనర్లకు, ఫర్మ్ ఇచ్చే జీతాన్ని లాభంలోంచి ముందే తీసేయవచ్చు. పెట్టుబడి మీద ఏటా 12 శాతం వరకు వడ్డీ కూడా. జీతానికి పరిమితి ఉంది. 2024లో ఆ పరిమితిని పెంచారు. మొదటి 6 లక్షల లాభంలో 3 లక్షలు లేక 90 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ పైన లాభంలో 60 శాతం.

లెక్క వేసి చూద్దాం, బోర్డు మీద రాస్తాను. అయిదుగురు స్త్రీలు విస్తరాకుల వ్యాపారం పెట్టారనుకోండి. ఖర్చులు పోను ఏడాదికి 5 లక్షలు మిగిలింది. దస్తావేజులో జీతం మాట రాయలేదు. పన్ను లక్షా 50 వేలు, సెస్సుతో లక్షా 56 వేలు. ఇప్పుడు అదే అయిదుగురు, అదే 5 లక్షలు. కానీ అందరూ వర్కింగ్ పార్టనర్లని, చట్టం ఒప్పుకున్నంత వరకు జీతం సమానంగా తీసుకుంటారని దస్తావేజులో రాశారు. 4 లక్షల 50 వేలు జీతాల కింద పోతుంది, ఒక్కొక్కరికి 90 వేలు. ఫర్మ్‌కు మిగిలింది 50 వేలు. దాని మీద పన్ను, సెస్సు కలిపి 15,600. ఒక్కొక్కరి 90 వేలకు, వేరే పెద్ద ఆదాయం లేకపోతే, పన్ను లేదు. ఒక వాక్యం రాయకపోవడం ఖరీదు లక్షా 40 వేల 400 రూపాయలు.

అందుకే చెబుతున్నాను, దస్తావేజు రాయించడం గుమాస్తా పని అనుకోకండి. ఈ దేశపు పన్ను చట్టంలో స్త్రీ చేసే పనికి రూపాయల్లో గుర్తింపు దొరికే చోట్లు అరుదు. ఇది వాటిలో ఒకటి. అదీ రాస్తేనే. ఎలా రాయాలో కూడా ముఖ్యం. "భాగస్వాములు ఎప్పటికప్పుడు నిర్ణయించుకున్నంత" అని రాస్తే చెల్లదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1996లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఎంత అన్నది గాని, ఎలా లెక్కకట్టాలన్నది గాని స్పష్టంగా ఉండాలి. ఒక్కొక్కరి వాటా ఎంతో రాయాలి. మొదటి రిటర్న్‌తో పాటు దస్తావేజు నకలు ఇవ్వాలి. ఇవి లేకపోతే జీతాలు, వడ్డీ ఏవీ తీసేయనివ్వరు.

ఇంకో మెలిక ఉంది. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికి ఏడాదిలో 20 వేలకు మించి జీతం, వడ్డీ వంటివి ఇస్తే ఫర్మ్ అందులోంచి 10 శాతం పట్టి ప్రభుత్వానికి కట్టాలనే నిబంధన వచ్చింది. మన లెక్కలో ఒక్కొక్కరి దగ్గర 9 వేలు పడతారు. ఆమె కట్టాల్సిన పన్ను సున్నా, అయినా 9 వేలు పోతాయి. తిరిగి రావాలంటే పాన్ కార్డు, రిటర్న్, బ్యాంకు ఖాతా కావాలి. ఆ ఖాతా ఆమెదే కావాలి, భర్తది కాదు. ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకు ఇది చిన్న విషయం. చర్ల నుంచి ఆడిటరు దగ్గరికి రాను పోను ఒక రోజు కూలి, బస్సు చార్జీ, ఆయన ఫీజు కలిపితే ఆ 9 వేలలో ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

సెక్షన్ల నంబర్లు చెప్పడం లేదని గమనించారా? కావాలనే. 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టాన్ని తెచ్చారు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. నంబర్లు మారాయి. సూత్రాలు గుర్తుపెట్టుకోండి.

భార్య పేరు గురించి కొంచెం చరిత్ర చెప్పాలి. మధ్యతరగతి ఇళ్లలో భార్యల్ని భాగస్వాములుగా రాయడం పాత అలవాటు. లాభాన్ని నలుగురి పేర పంచితే ఒక్కొక్కరి పన్ను తగ్గుతుంది. దీన్ని ఆపడానికి 1922 చట్టంలోకి 1937లో ఒక సవరణ తెచ్చారు. భర్త ఉన్న ఫర్మ్‌లో భార్య కూడా భాగస్వామి అయితే ఆమె వాటా ఆదాయాన్ని భర్త ఆదాయంలో కలిపేయాలన్నారు. ఆ నిబంధనలో "ఏ వ్యక్తి అయినా" అన్న మాట మీద సోద్రాదేవి కేసులో సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పింది. అక్కడ వ్యక్తి అంటే పురుషుడే, స్త్రీ కాదు అంది. ఆ తీర్పుతో ఒక విధవ తల్లికి మేలే జరిగింది, పిల్లల ఆదాయం ఆమె ఆదాయంలో కలపక్కర్లేదన్నారు. మేలు జరిగినా ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మనం వ్యక్తులం కాదని తేలితేనే మనకు లాభం!

అలా కలపడం రాజ్యాంగ సమ్మతమేనని 1961లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు అంది. 1993 వరకు అది నడిచింది. అంతేకాదు, ఆ రోజుల్లో ఒక భాగస్వామి ఇంకో భాగస్వామికి బినామీ అయితే ఆ ఫర్మ్ నిజమైనది కాదనేవారు. కానీ భార్య, మైనరు పిల్లలు బినామీలయితే ఫరవాలేదు. అంటే భార్య భర్తకు బినామీగా ఉండడం సహజమేనని చట్టం రాతపూర్వకంగా ఒప్పుకుంది. పితృస్వామ్యం గురించి మనం రాసే వ్యాసాలకన్నా ఆ ఒక్క వివరణ స్పష్టంగా ఉంటుంది.

వాటాను కలపడం పోయింది గాని జీతం సంగతి మిగిలింది. భర్తకు గణనీయమైన వాటా ఉన్న సంస్థ నుంచి భార్యకు జీతం వస్తే అది భర్త ఆదాయంలో కలుస్తుంది. ఆమెకు సాంకేతిక, వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ జీతం కేవలం ఆ నైపుణ్యం వల్లే వస్తే తప్ప. అర్హత అంటే డిగ్రీయా? 1980ల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బట్టా కళ్యాణి కేసులో కాదంది. యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండి తీరాలనేం లేదు, పనిలో నేర్పు ఉంటే అదీ అర్హతే అంది. మన తెలుగు నేల మీద వచ్చిన తీర్పు ఇది. ఇప్పపువ్వు ఎప్పుడు ఏరాలో, ఏ చింతపండు పాడవకుండా నిలవుంటుందో తెలిసినామెకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఆడిటరు "కుదరదమ్మా" అంటే ఈ కేసు పేరు చెప్పండి.

ఏజెన్సీకి తిరిగొస్తాను. ఇక్కడ పేర్లు వాడుకునేవాళ్లు ఒక మాట ప్రచారంలో పెట్టారు - ఎస్టీలకు టాక్స్ లేదు, నీ పేరు పెడితే నీకేం కాదు. ఇది అబద్ధం. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్ణీత ప్రాంతాలకు, లడాఖ్‌కు చెందిన గిరిజనులకు, అక్కడి ఆదాయం మీద మాత్రమే ఉంది. అయిదో షెడ్యూలు ప్రాంతమైన మన భద్రాచలానికి లేదు. ఎందుకు లేదన్నది రాజకీయ ప్రశ్న, అడగాల్సిందే. కానీ లేదన్నది నిజం. ప్రతి గ్రామసభలో ఈ ఒక్క ముక్క చెప్పండి.

రెండోది బినామీ చట్టం. 1988 చట్టాన్ని 2016లో కఠినం చేశారు. ఆస్తి అసలు యజమానికే కాదు, పేరిచ్చినవాళ్లకు కూడా ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి విలువలో 25 శాతం వరకు జరిమానా. మోసపోయి నిశానీ వేసినామెను, తెలిసి పేరు అద్దెకిచ్చినవాణ్ణి చట్టం మొదటి చూపులో వేరుగా చూడదు. ఆ తేడా నిరూపించడానికి మనం పక్కన నిలబడాలి.

మూడోది భూమి. గిరిజనేతరులతో కలిసి ఫర్మ్ పెట్టి, నీ భూమిని పెట్టుబడిగా పెట్టు అంటారు. మామిడి తోటకో, కోళ్లఫారానికో, రాయి క్వారీకో. భాగస్వామి పెట్టుబడిగా తెచ్చిన భూమి ఫర్మ్ ఆస్తి అయిపోతుంది, అందులో గిరిజనేతర భాగస్వామికీ హక్కు పుడుతుంది. ఆదాయపు పన్ను చట్టం దాన్ని బదిలీ అనే అంటుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణతో కలిపి, అమ్మకం, కౌలు, తాకట్టే కాక స్థిరాస్తి మీద ఇతర లావాదేవీలను కూడా బదిలీ కిందే చూస్తాయి. 1997 సమతా తీర్పు తర్వాత దీన్ని సన్నగా చదవడానికి వీల్లేదు. కనుక నా అభిప్రాయంలో అటువంటి దస్తావేజు చెల్లదు. అదే నిబంధన ఒక దారి చూపించింది. సభ్యులంతా గిరిజనులే అయిన సహకార సంఘానికి భూమి బదిలీ చేయవచ్చు. భూమి ప్రమేయం ఉన్నచోట ఫర్మ్ మాట ఎత్తకండి, సహకార సంఘం గురించి ఆలోచించండి. కుటీర పరిశ్రమ ఆదాయానికి, సభ్యుల సమష్టి శ్రమ మీద వచ్చే ఆదాయానికి సహకార సంఘాలకు పన్ను రాయితీలు కూడా ఉన్నాయి.

సరిహద్దు గురించి ఒక చిత్రం చెప్పాలి. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లు, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది. ఎటపాక అటు, గుడి ఇటు. బంధువులు అవే, సంత అదే. కానీ వస్తువులు అమ్మేవాళ్లకు జి.ఎస్.టి. నమోదు పరిమితి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అంతకన్నా చిక్కు, పన్ను వర్తించే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే పరిమితి లేదు, మొదటి రూపాయికే నమోదు కావాలి. భద్రాచలం స్త్రీలు ఎటపాక దుకాణానికి సరుకు వేస్తే, ఆటోలో పోయే దూరమే అయినా, అది అంతర్రాష్ట్ర వ్యాపారం.

ఊరట ఏమిటంటే ఎండు చింతపండుకూ, ఆకులతో చేసిన విస్తళ్లకూ దొప్పలకూ 2019లో పన్ను ఎత్తేశారు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు నమోదు అవసరం లేదు. విడిగా అమ్మే తేనెకు పన్ను లేదు, సీసాలో పోసి లేబుల్ అంటిస్తే ఉంది. మన సంస్థలు ఉత్సాహంగా లేబుళ్లు, బ్రాండ్లు తయారుచేయించి ఇస్తాయి కదా, ఇచ్చే ముందు ఈ మాట కూడా చెప్పాలి.

డ్వాక్రా సంఘాల గురించి అడిగారు. కలిసి సరుకు కొని అమ్మి, దస్తావేజు లేకపోతే ఏమవుతుంది? పన్ను శాఖ దాన్ని వ్యక్తుల సముదాయం అంటుంది. ఎవరి వాటా ఎంతో తేలకపోతే అత్యధిక రేటు వేయవచ్చు. కనుక తీర్మానాల పుస్తకంలో అయినా వాటాలు రాయండి. ఫర్మ్ పెడితే 50 మందికి మించకూడదు, 2013 కంపెనీల చట్టానికి ముందు ఇది 20. ఫర్మ్‌ను రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి. చేయించకపోయినా నేరం కాదు గాని, బాకీ ఎగ్గొట్టిన షావుకారు మీద కోర్టుకు పోలేరు.

చివరిగా బయటపడడం. పేరు వాడుకున్నారని తెలిసిన స్త్రీ "నేను మానుకున్నా" అని నోటితో చెబితే చాలదు. మానుకున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. రిజిస్టరయిన ఫర్మ్ అయితే రిజిస్ట్రారుకు నోటీసు, గెజిట్లో, స్థానిక భాషా పత్రికలో ప్రకటన. జి.ఎస్.టి. కమిషనరుకు నెల లోపల తెలపాలి, ఆలస్యమైతే కాగితం అందిన రోజు వరకు బాధ్యత నడుస్తూనే ఉంటుంది. ఆడపిల్లల పేర్లు కూడా చూడండి. మైనరును లాభాలకు చేర్చుకోవచ్చు, పద్దెనిమిది నిండిన నాటి నుంచి గాని, తనను చేర్చారని తెలిసిన నాటి నుంచి గాని, ఏది తర్వాతైతే అప్పటినుంచి ఆరు నెలల్లోగా తాను భాగస్వామిని కాదని బహిరంగంగా ప్రకటించకపోతే పూర్తి భాగస్వామి అయిపోతుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు.

మీ సంచుల్లో తెచ్చిన కాగితాలు బయటకు తీయండి. నిశానీ వేసినవి, సంతకం పెట్టినవి, అన్నీ. సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.